నాలుగు రసాలు తిన్నాక ఏ కాయ బాగుందో చెప్పలేకపోయాను. దీన్నేమంటారు?

యార్డు_గుమాస్తా (గుంటూరు):

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, ఇది షుగర్ గురించిన ప్రశ్న కాదు. మూడు నెలల షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది, బోర్డర్ అన్నారు. ఆ సలహాలు ఇంట్లోనే కావలసినన్ని దొరుకుతున్నాయి.

నాకు 44 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్‌లో ఊపిరాడదు. ఇప్పుడు యార్డుకి వేసవి సెలవులు. పని లేక ఇలాంటి ప్రశ్నలు పుడుతున్నాయని మా ఆవిడ అభిప్రాయం. కావచ్చు.

పోయిన ఆదివారం మా మామగారు నూజివీడు నుంచి ఒక బుట్ట చిన్న రసాలు పంపారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను పెరట్లోకెళ్ళి, లుంగీ పైకి కట్టి, నిలబడే లాగించడం మొదలుపెట్టాను. రెండు అరచేతుల మధ్య పెట్టి మెత్తగా పిసకడం, ముచ్చిక కొరికి అవతల ఊసెయ్యడం, సొన రెండు చుక్కలు పిండెయ్యడం, నోటికి ఆనించడం. మోచేతుల దాకా రసం కారుతోంది. నాలుగయ్యాయి. ఐదోది పిసుకుతుండగా మా అమ్మాయి వచ్చింది. తొమ్మిదో తరగతి. తనూ ఒక కాయ తీసుకుని బావి గట్టు మీద కూర్చుంది. పావుగంట పట్టింది దానికి ఆ ఒక్క కాయ.

"నాన్నా, నువ్వు తిన్నవాటిలో ఏది బాగుంది?" అంది.

నోరు తెరిచాను, మాట రాలేదు. గుర్తు లేదండీ. నాలుగు కాయలు తిన్నాననడానికి కాళ్ళ దగ్గర నాలుగు టెంకలున్నాయి, అంతే సాక్ష్యం. తనేమో "నాది ముచ్చిక దగ్గర కాస్త పులుపు, టెంక దగ్గరికొచ్చేసరికి తేనె" అని చెప్పి చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అప్పుడు తట్టింది నాకు: కాయ నోట్లో ఉన్నంతసేపూ నా కన్ను బుట్ట మీదే ఉంది. దీని తర్వాత ఏది మెత్తగా ఉంది, మా బావమరిది లేచేలోపు ఇంకెన్ని అవుతాయి, ఇదే లెక్క.

మా అమ్మ దీన్ని ఆబ అనేది. "ఆబగా తినకురా, ఎవడూ లాక్కోడు" అని వీపు మీద ఒకటేసేది. చిన్నప్పుడు లాక్కునేవాళ్ళు ఉండేవాళ్ళు, అది వేరే సంగతి.

సరే, గుమాస్తాని కదా, ఆ వారమంతా ఒక పని చేశాను. మా సందు చివర సాయంత్రం ఐదున్నరకి బజ్జీల బండి పెడతారు. మిరపకాయ చీరి, లోపల వాము, చింతపండు ముద్ద పెట్టి, వేయించాక మళ్ళీ చీల్చి ఉల్లిపాయలు కూరి నిమ్మకాయ పిండి ఇస్తాడు. రోజూ ఆరు తింటాను. ఈసారి పాత ఖాతా పుస్తకం వెనక పేజీలో పద్దు రాశాను. ఒక రోజుది ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

ఇంటి నుంచి బండి దాకా నడక: చాలా హుషారు. నూనెలో వేసినప్పటి చప్పుడు: ఇంకా హుషారు. మొదటి బజ్జీ: బాగుంది, నాలుక కాలింది. రెండు: బాగుంది. మూడు: సరే. నాలుగు: గుర్తు లేదు. ఐదు: కారం. ఆరు: ఎందుకు తిన్నానో తెలీదు.

నాలుగు రోజులు రాశాను, కొంచెం అటూ ఇటూగా ఇంతే. మరుసటి రోజు ఐదు కాగానే మళ్ళీ కాళ్ళు అటే లాగుతాయి. లాగేది ఆరో బజ్జీ జ్ఞాపకంతో కాదు, ఇంకా తినని మొదటి బజ్జీతో.

నేను నడిపే బండి సంగతీ ఇంతే. రెండేళ్ళు డబ్బు దాచి సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొన్నాను. దాచిన రెండేళ్ళూ రోజూ దాని బొమ్మ ఫోన్లో చూసుకునేవాణ్ణి. కొన్న నెలకల్లా అది ఆదివారం తుడవాల్సిన వస్తువైంది.

నా ప్రశ్న: కావాలనిపించడం, తీరా దొరికాక బాగుండటం, ఈ రెండూ ఒకటేనా? ఒకటే అయితే నాలుగో కాయ కూడా మొదటిదానంత బాగుండాలిగా. వేరైతే, బాగుండనిదాని కోసం చెయ్యి ఎందుకు పోతుంది? దయచేసి "ఉన్నదాంతో తృప్తి పడు" అని ఊరికే అనకండి. ఎలా పడాలో తెలిస్తే చెప్పండి.

ల్యాబ్_కోటు (విజయవాడ):

గుమాస్తా గారూ, మీ పద్దు చూసి నవ్వొచ్చింది, తర్వాత ముచ్చటేసింది. నేను ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, పాఠాలు చెప్తాను. మీరు ఖాతా వెనక పేజీలో రాసింది మా క్లాసులో ఒక గంట పాఠం.

రెండూ వేరే. అది తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నని తీగ పెట్టి, మీట నొక్కితే చిన్న కరెంటు తగిలేలా ఏర్పాటు చేశారు. ఎలుకలు ఆ మీటను వదల్లేదు, నొక్కుతూనే ఉన్నాయి. ఇంకేం, మెదడులో సుఖం పుట్టే చోటు దొరికిందనుకున్నారు. మెదడులో కణాల మధ్య కబురు మోసే డోపమైన్ అనే రసాయనం ఒకటుంది; డోపమైన్ అంటే సుఖం అనే మాట కూడా అలాగే జనంలోకి పోయింది.

తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ అనే ఆయన ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసి చూశాడు. అవి తిండి పక్కనే ఉన్నా తినడం మానేశాయి. అలా వదిలేస్తే చచ్చిపోతాయి, గొట్టంతో పెట్టాల్సి వచ్చింది. కానీ నోట్లో పంచదార నీళ్ళు వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే పెదాలు నాక్కున్నాయి. చంటిపిల్లలు తేనె నాకిస్తే చప్పరిస్తారు చూడండి, అలా. అంటే రుచి అలాగే ఉంది, పోయింది యావ. ఆ రెండిటికీ మెదడులో దారులు వేరు. పైగా యావ పుట్టించే ఏర్పాటు చాలా పెద్దది, గట్టిది. బాగుందనిపించే చోట్లు చాలా చిన్నవి, ఎలుకలో అయితే ఒకటి ఘన మిల్లీమీటరు అంత.

మీ నడక హుషారుకి కూడా జవాబుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు దీపం వెలిగించి, కాసేపాగి పళ్ళరసం ఇచ్చేవాడు. మొదట్లో రసం పడినప్పుడు డోపమైన్ కణాలు ఉలిక్కిపడేవి. అలవాటయ్యాక దీపం వెలగగానే ఉలిక్కిపడి, రసం వచ్చినప్పుడు ఊరుకునేవి. దీపం వెలిగాక రసం రాకపోతే మామూలు కంటే కిందికి పడిపోయేవి. నూనెలో చప్పుడు మీ దీపం. మోటార్ సైకిల్ బొమ్మ కూడా అంతే.

ఇక నాలుగో బజ్జీ. తింటున్న పదార్థం మీదే ఇష్టం తగ్గుతుంది, మిగతావాటి మీద అంతగా తగ్గదు. బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ 1981లో దీన్ని పరీక్షించి చూపించారు. పెళ్ళిభోజనంలో కడుపు నిండిందని చెయ్యి ఊపినవాడు జున్ను రాగానే ఆకు జరుపుకోవడం ఇదే.

ఇంకో మాట, మీ యార్డు సరుకు గురించే. మిరపలోని కాప్సైసిన్ తగిలేది రుచి మొగ్గలకు కాదు, వేడినీ నొప్పినీ పసిగట్టే గ్రాహకానికి. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. అంటే మనం లొట్టలేసుకుంటూ తినేది నొప్పి. బాగుండటమనేది అచ్చంగా వస్తువులోనే ఉండదని గుంటూరువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఎలా తృప్తి పడాలి అంటే, ఆ జవాబు నా దగ్గర లేదండీ. నేనే ఫోన్ చూస్తూ పెరుగన్నం తింటాను.

హమాలీ_కొడుకు (గుంటూరు):

అన్నా, ఇదంతా కడుపు నిండినోళ్ళ గొడవ. మా నాన్న అదే యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోశాడు. నలభై కిలోల పైమాటే ఒక్కొక్కటి. సాయంత్రానికి ఆయనకి ఆరు బజ్జీలు కాదు, రెండు కొనుక్కోవాలన్నా ఆలోచనే. ఆకలిని, యావని ఒకే గాటన కట్టొద్దు. నాకు చదువు మీద యావ, ఈ బతుకు నుంచి బయటపడాలనే యావ లేకపోతే ఇవాళ ఇక్కడ టైపు చేస్తుండేవాణ్ణి కాదు. తృప్తి పడమని ఎప్పుడూ మాకే చెప్తారు, కొట్టు యజమానికి ఎవరూ చెప్పరు.

ల్యాబ్_కోటు:

హమాలీ_కొడుకు గారూ, ఒప్పుకుంటున్నా. యావ పూర్తిగా పోయిన ఎలుక బుద్ధుడు కాలేదు, తిండి పక్కనే పడి ఉంది. అది లేకపోతే ఎవరమూ మంచం దిగం.

కృష్ణలంక_పిన్ని (విజయవాడ):

గుమాస్తా అబ్బాయ్, నాకు 68. సైన్సు తెలీదు గానీ మామిడికాయ తెలుసు.

మా ఇంట్లో ఆరుగురు పిల్లలం. కాయలు బకెట్లో నీళ్ళు పోసి నానేసేవాళ్ళు. తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి తలా ఒకటి ఇచ్చేవాడు. టెంక తెల్లబడేదాకా చీకితేనే రెండోది. నిజంగా తెల్లబడాలి, పీచు దువ్వినట్టు ఉండాలి. ఆయన చేతిలోకి తీసుకుని వెలుతురులో చూసేవాడు, రూపాయి దొంగదా మంచిదా అన్నట్టు. మేం తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు బుట్టలకి బుట్టలు కొంటున్నా, నాకు గుర్తున్నవి ఆ కాయలే. అప్పటి కాయలు గొప్పవని కాదు నాయనా. రెండోదానికి దారి ఆ టెంకలోంచే ఉండేది, అంతే.

నేనేదో గొప్పదాన్ననుకోకు. బీసెంట్ రోడ్డులో ఆషాఢం తగ్గింపు అంటే నా కాళ్ళు ఆగవు. బీరువాలో మూడు చీరలు ఇంకా గుండుసూది తియ్యకుండా ఉన్నాయి. కొట్లో మడత విప్పి కౌంటర్ మీద జారుస్తాడు చూడు, ఆ క్షణమే అసలు చీర. ఇంటికొచ్చాక అది బట్ట.

2016లో కృష్ణా పుష్కరాలకి ఏం జరిగిందో చెప్తాను. పన్నెండేళ్ళు ఎదురుచూశాం కదా. ఇంటి పక్కనే నది, అయినా ఆ నీళ్ళ కోసమే పొద్దున్నే నాలుగింటికి లేచి ఘాట్‌కి వెళ్ళాం. మొదటి మునక వేశాను. నీళ్ళలో తల ఉండగానే ఒడ్డున చెప్పులున్నాయా, సంచి ఎవరు చూస్తున్నారు అని గుబులు. రెండో మునకలో మా చెల్లెలు కనపడట్లేదని. మూడోదాంట్లో అమ్మవారి క్యూ ఎంత పొడుగుందోనని. అయిపోయింది, పైకొచ్చేశాను. పన్నెండేళ్ళ నిరీక్షణ చెప్పుల మీద పోయింది. ఆ చెప్పులు కూడా అరిగినవే. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే, చెప్పుల్లేకుండా వెళ్ళాను. మునగలేదు. మోకాలు లోతులో నిలబడ్డాను. కాళ్ళ కింద ఇసక నీళ్ళతో పాటు కొద్దికొద్దిగా జారిపోతుంటే అరికాళ్ళు గిలిగింతలు. ఎంతసేపున్నానో తెలీదు.

నీకు ఒక్క చిట్కా చెప్తాను. ఒక కాయ తిన్నాక చేతులు కడుక్కో. మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, బుట్ట దగ్గర్నుంచి లేచి రా. ఆ వాసన చేతుల మీద ఉన్నంతసేపూ చెయ్యి నీ మాట వినదు. కడుక్కున్నాక కూడా ఇంకోటి కావాలంటే తిను, ఎవరొద్దన్నారు? మీ అమ్మాయి చేసిందదే, నువ్వు చూశావు గానీ పట్టించుకోలేదు.

బడి_బస్సు (సత్తెనపల్లి):

నేను బడిపంతుల్ని. ఏటా పిల్లల్ని బస్సెక్కించి అమరావతి తీసుకెళ్తాను. గుంటూరు నుంచి గంట దారి. స్తూపం అని చెప్పి తీసుకెళ్తే పిల్లలకి కనిపించేది గడ్డి మొలిచిన దిబ్బ. మంచి శిల్పాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కి పోయాయి. ఉన్నవాటిలో, నమూనాల్లో నేను తప్పక చూపించేది ఖాళీ సింహాసనం. పాత శిల్పాల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఆసనం ఉంటుంది, కింద పాదముద్రలుంటాయి, చుట్టూ జనం దణ్ణం పెడుతుంటారు, మధ్యలో మనిషి ఉండడు. "సార్, ఎవరూ లేరుగా, ఎవరికి పెడుతున్నారు?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మిగతావాళ్ళు ఐస్‌క్రీమ్ బండి ఎక్కడుందో అడుగుతారు.

గుమాస్తా గారూ, మీ ప్రశ్న ఆ దిబ్బ కంటే పాతది. మనం తృష్ణ అంటాం, పాళీలో తణ్హా. రెండిటికీ అసలు అర్థం దప్పిక. బౌద్ధులు చెప్పే గొలుసులో వేదన ఒక కొక్కెం, తృష్ణ దాని తర్వాతి కొక్కెం. ఇక్కడ వేదన అంటే ఏడుపు కాదు, తగిలినదాని వల్ల కలిగే అనుభూతి, తీపైనా చేదైనా. అంటే రసం తియ్యగా తగలడం ఒకటి, ఇంకోటి కావాలనుకోవడం మరొకటి. రెండిటి మధ్యా సందు ఉంది. ల్యాబ్ కోటు గారి ఎలుక పెదాలు నాక్కుంది కానీ గిన్నె దగ్గరికి పోలేదు. ఆ సందు చాలా ఇరుకు, మనకు కనపడేలోపే చెయ్యి దాటేస్తుంది.

అయితే హమాలీ_కొడుకు తమ్ముడి మాటలో న్యాయం ఉంది. సిద్ధార్థుడు కూడా మొదట తిండి మానేసి ఎముకల గూడయ్యాడు. దాంతో పని జరగలేదు. సుజాత అనే ఆమె పాయసం తెచ్చిస్తే తిన్నాడు. దాన్ని 49 ముద్దలు చేసుకుని తిన్నాడని కథ. అన్ని ముద్దలు చేసుకున్నాడంటే హడావిడిగా తిన్నట్టు లేదు. ఆకలి తీరాకే చెట్టు కింద కూర్చున్నాడు.

యార్డు_గుమాస్తా:

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించాలి.

ముందు హమాలీ_కొడుకు తమ్ముడికి. నువ్వన్నది నాకు గుచ్చుకుంది. మా కొట్లో కూలి లెక్క రాసేది నేనే. టిక్కీ మోసినవాళ్ళు సాయంత్రం మా గుమ్మం మెట్టు మీద కూర్చుని టీ తాగుతారు. ఆ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగే పెద్దాయన ఒకరున్నారు. ఆయన టీ అంత బాగా తాగుతున్నాడు కదా అని కూలి పెంచక్కర్లేదని నేననను. ఎవరైనా అంటే నువ్వు తిట్టినట్టే తిట్టాలి.

ఇక నా సంగతి. పిన్నిగారూ, మీరు చెప్పినట్టే చేశాను. మొదటి రోజు ఘోరంగా తప్పాను. బావి గట్టు మీద కూర్చుని ఒక్క కాయ తీసుకున్నాను. ధ్యాస పెట్టాలి, ధ్యాస పెట్టాలి అనుకుంటూ తింటుంటే అది ఇంకో పద్దు రాసినట్టయింది: ఇప్పుడు పులుపు, ఇప్పుడు తీపి, ఇప్పుడు పీచు పంటికి తగిలింది. ఆడిట్ వాళ్ళు పక్కన కూర్చున్నట్టుంది. బుట్ట మీద ఉన్న కన్ను తీసి నా మీదే పెట్టుకున్నాను, కాయ మీద మాత్రం మళ్ళీ లేదు. విసుగొచ్చి రెండోది తినేశాను, చేతులు కడుక్కోకుండా.

రెండో రోజు చేతులు కడుక్కున్నాను. ఇది పని చేసింది, ఎందుకో తెలీదు. సబ్బు రాసి, నీళ్ళు తోడి పోసుకుని, తువ్వాలుతో తుడుచుకునేసరికి రెండోది కావాలన్న గోల సగానికి దిగింది. మిగిలిన సగంతో ఏం చెయ్యాలో తెలియక మంచం మీద వాలాను. నోట్లో ఇంకా తీపి ఉందని అప్పుడు తెలిసింది. చాలాసేపు ఉంటుందండీ అది. నలభై నాలుగేళ్ళుగా దాని మీద తర్వాతి కాయ పోసేస్తున్నాను.

బజ్జీల బండి దగ్గర మాత్రం ఇంకా గెలవలేదు. ఆరు కాస్తా నాలుగైంది. ఐదున్నరకి కాళ్ళు లాగడం మానలేదు. లాగుతుంటే "ఇదిగో దీపం వెలిగింది" అనుకుంటున్నాను, అనుకుంటూనే నడుస్తున్నాను.

నిన్న బుట్ట అడుగున గడ్డిలో ఒకే కాయ మిగిలింది. ఒకవైపు మగ్గిపోయి నల్లబడింది. మా అమ్మాయి, నేను గట్టు మీద కూర్చున్నాం. మంచి వైపు చెక్క దానికి కోసిచ్చి, రెండోవైపు నల్లటిది గీరేసి నేను తీసుకున్నాను.

"ఎలా ఉంది నాన్నా?"

"కొంచెం కల్లు వాసనొస్తోంది."

"మరి పారెయ్."

"ఉండవే, తింటున్నాను."